ఆరున్నొక్కటో అభ్యంతరం

మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని వాలుకుర్చీలో కునుకు తీస్తున్న వేళ, మా పాత ఆఫీసు జీపు నడిపిన డ్రైవరు భాయి ఫోన్ చేసి ఒక చావు కబురు చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు తుడుచుకుని, కోడల్ని పిలిచి సేమ్యా పాయసం చెయ్యమన్నాను. జీడిపప్పు దండిగా వెయ్యమని కూడా చెప్పాను. చావు కబురుకు పాయసమేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ పోయినవాడు నేను నలభై ఏళ్ళకు పైగా, పళ్ళు తోముకుంటూ కూడా తిట్టుకున్న మనిషి.

"హిసాబ్ సాబ్, మన లాభం సార్ పోయిండట. హైదరాబాద్ల, పొద్దుగాల. అల్లా జర మంచిగ జూడాలె ఆయనను" అన్నాడు భాయి. అల్లా సంగతి అల్లా చూసుకుంటాడు, నా సంగతి నేను చూసుకుంటానని రెండు గిన్నెల పాయసం తిన్నాను.

రెండు గిన్నెలు కాదు. షుగరు ఉన్నవాణ్ణి; కోడలు ఒక చెంచా నాకించి గిన్నె పట్టుకుపోయింది. ఇదీ నా అలవాటు, మొదట్లోనే చెప్పి పెడుతున్నాను. నేను చెప్పే దాంట్లో కొంత గాలి ఉంటుంది. కాకపోతే ఎక్కడ గాలి కొట్టానో అక్కడ నేనే సూది గుచ్చి చూపిస్తాను. ఆ చెంచాడు పాయసం కూడా నాలుకకు తియ్యగా తగల్లేదు. ఎందుకంటే భాయి ఫోన్లో ఇంకో సంగతి చెప్పాడు. అది తర్వాత. ముందు ఈ 'లాభం సార్' ఎవరో, నేను ఆయన మీద ఎట్లా పగ తీర్చుకున్నానో చెప్పాలి.

డెబ్బైల చివర, వానలు వరసగా మొహం చాటేసిన తర్వాత, సముద్రాల అవతలి దేశం నుంచి ఒక సహాయ సంస్థ వచ్చి మా జహీరాబాద్‌లో, స్టేషన్‌కు పోయే దారిలో, బెంగుళూరు పెంకుల ఇల్లొకటి అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టింది. ఊళ్ళల్లో బావులు తవ్వించడం, కట్టలు పోయించడం, చేసిన పనికి కూలీగా జొన్నలు ఇవ్వడం, ఇదీ దాని పని. అందులో పాలనా, ఆర్థిక వ్యవహారాలూ నావి. నలభై మంది సిబ్బంది నా కలం కింద బతికేవాళ్ళు. సరే, పద్నాలుగు మంది, వాచ్‌మన్‌తో కలిపి. జీతాలు, ఇంటి అద్దె, డీజిలు, జీపు లాగ్‌బుక్కు, స్టాంపులు, కార్బన్ కాగితాలు, గోదాంలో ఎలుకలు, వానాకాలం వస్తే పైకప్పు మీద జారిన పెంకులు, అన్నీ నా పద్దులోకే వచ్చేవి. పేరు గొప్పగా ఉన్నా నా అధికారమంతా ఇంతే: నా సంతకం లేకుండా ఆ ఇంట్లో ఒక్క గుండుసూది కదిలేది కాదు. అయితే మన వయసువాళ్ళకు తెలుసు కదా, గుండుసూదిని ఆపగలిగినవాడు మనిషినీ ఆపగలడు. డ్రైవరు భాయి నాకు 'హిసాబ్ సాబ్', అంటే లెక్కల సారు, అని పేరు పెట్టాడు, ఆ పేరుతోనే పిలిచేవాడు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

సంస్థకు పెద్ద ఒక దొర. పదిహేను రోజులకోసారి హైదరాబాద్ నుంచి వచ్చేవాడు. ఎండకు కమిలి పండుమిరపకాయలా ఉండేవాడు కానీ మనసు మెత్తన. ఆయనకు తెలుగు రాదు, నేను తర్జుమా చేసేవాణ్ణి. ఆయనకూ మాకూ మధ్య ఒక తనిఖీ ఆఫీసరు. ఆయనే మన కథానాయకుడు. తెలుగువాడే, కానీ ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. భాష వచ్చు, ఆ భాషతో జనం ఏం చేస్తారో తెలియదు. ఇస్త్రీ చొక్కా, కాకీ టోపీ, చేతిలో చిన్న నోటుబుక్కు. దుమ్ము పడితే చాలు, వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మేవాడు.

మా తొలి తగువు పిల్లి దగ్గర వచ్చింది. గోదాంలో ఎలుకల బాధ పడలేక నేనొక పిల్లిని పెట్టి, నెలకింత పాల ఖర్చు రాస్తే, 'పుచ్చుకున్నవారి సంతకం లేదు' అని ఆయన ఎర్ర సిరాతో కొట్టి పంపాడు. నేను ఆ పిల్లి కాలిని సిరాలో ముంచి రసీదు మీద ముద్ర వేయించి పంపాను. అది నా బొటనవేలే. నాలుగుసార్లు ఒత్తితే పిల్లి పాదంలా వచ్చింది. ఆయన దాన్ని ఫైలులో పెట్టుకున్నాడు. అక్కడిదాకా అది సరసం. అసలు సంగతి మానిక దగ్గర మొదలైంది.

కూలీ జొన్నలు తూచి ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి ఇనుప కాటా ఒకటి వచ్చింది. జనం దాన్ని నమ్మలేదు. బరువు రాళ్ళు ఎవరివి, ముల్లు ఎటు వంగితే ఎవరికి నష్టం, ఇవన్నీ వాళ్ళకు అనుమానాలు. మానికతో కొలిచి పెట్టమన్నారు; మానిక అయితే కంటికి కనిపిస్తుంది, నిండిందో లేదో చేత్తో తడిమి చూసుకోవచ్చు. దొర సరేనన్నాడు. ఇక కొలిచే మనిషి కావాలి. రాయికోడ్ దిక్కు నలభై ఏళ్ళుగా ఊరూరా కల్లాల్లో ధాన్యం కొలిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. దాయాదులు కత్తులు నూరుకునే చోట కూడా, ఆయన చెయ్యి కొలిచిందంటే నోరు మూసుకునేవాళ్ళు. నేను ఆయన్ను పిలిపించాను. ఒకటే చిక్కు. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు సొంత మేనమామ.

ఉద్యోగపు కాగితంలో ఒక గడి ఉండేది, ఈ సంస్థలో మీ బంధువులెవరైనా ఉన్నారా అని. మామకు చదువు రాదు కనుక కాగితం నేనే నింపాను. ఆ గడిలో 'లేరు' అని రాసి, ఆయన వేలు పట్టుకుని ముద్ర వేయించాను. బయట నలుగురిలో నన్ను సారు అని పిలవాలని చెప్పినప్పుడు మామ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏందిరా అల్లుడా, నీ ముడ్డి కడిగిన చేతుల్తోని నీకే దండం పెట్టాల్నా?"

"ఆఫీసుల మట్టుకే మామా."

"సరే తియ్. గేటు లోపట సారువి, గేటు బయట పోరనివి. గేటు కాడ నిలవడకు, ఏమనాల్నో నాకు సమజ్ గాదు."

మామ కొలుస్తుంటే చూడాలి. ఇత్తడి కట్టు వేసిన పాత మానిక, తన తండ్రి నాటిది, చంకన పెట్టుకుని వచ్చేవాడు. మోకాలు నేలకు ఆనించి, జొన్నల రాశిలో మానికను ముంచి, పైన గోపురం కట్టేదాకా నింపి, ఒక్క గింజ రాలకుండా తీసుకొచ్చి ఆడవాళ్ళ కొంగుల్లో కుమ్మరించేవాడు. పైగా రాగం తీస్తూ లెక్క: "లాభమూ... లాభం. రెండూ... రెండు." మీకు గుర్తుండే ఉంటుంది, మన దిక్కున ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు. ఒకటి అంటే ఒంటరితనం, ఒక్కటే మిగిలిందన్నట్టు. అందుకే మొదటి మానికకు లాభం అంటారు. ఆరు తర్వాత ఏడు కూడా అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టు కదా. ఆకలితో వచ్చిన మనిషి కొంగులో గింజలు పోస్తూ ఏడు అని ఎవడంటాడు? అందుకని ఆరున్నొక్కటి అంటారు. వారం పనికి కూలీ సరిగ్గా ఏడు మానికలు. లాభం దగ్గర మొదలై ఆరున్నొక్కటి దగ్గర ముగిసేది మామ పాట. ఆ చివరి మాట అంటూ మానికను బోర్లించి అడుగున రెండు తట్టు తట్టేవాడు.

ఒక శనివారం తనిఖీ ఆఫీసరు వచ్చాడు. దుమ్ముకు భయపడి గోదాంలోకి రాకుండా, వరండాలో గోడకు వీపు ఆనించి కూర్చుని, పొద్దంతా చెవులతోనే తనిఖీ చేశాడు. ఆ చెవులకు ఏం వినపడింది? ప్రతి కూలీకీ మొదటి మానిక 'లాభం'. ఆ తర్వాత ఆరు దాకా వచ్చి, చివరి మాట మానిక తట్టే చప్పుడులో కలిసిపోయి, ఏడు అన్న మాటే లేకుండా లెక్క ఆగిపోతుంది. రిజిస్టరులో చూస్తే మనిషికి ఏడు. ఇక ఆయన నోటుబుక్కులో లెక్క తేలిపోయింది: ఒక మానిక బహిరంగంగా లాభం కింద తీసుకుంటున్నారు, ఇంకొకటి అసలు ఇవ్వడమే లేదు, ఏడింట రెండు దొంగతనం. ఆ నోటుబుక్కు తెరిచి చూపించినప్పుడు నాకు నవ్వు రావలసింది.

ఆయన నన్ను గదిలోకి పిలిచి, లాభం అంటే ఏమిటని అడిగాడు. నేను బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. సిరాబుడ్డి ఎగిరింది. మా నేల మీద నిలబడి మా ముసలివాళ్ళను దొంగలంటావా, ధాన్యం ముఖం చూడని నీకు మానిక సంగతి ఏం తెలుసు అని గంటసేపు కడిగిపారేశాను. ఎన్నో పెళ్ళిళ్ళలో, ఎన్నో పంక్తి భోజనాల దగ్గర నేను ఈ గుద్దు సంగతి చెప్పాను. మా మనవలు ఆ గుద్దును నాటకంలా వేసి చూపిస్తారు. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

నా గుద్దుకు ఫలితం లేకపోయింది. అదే రోజు, కొంగులు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళందరి ముందు మామను పని నుంచి తీసేశారు. మానికను సాక్ష్యమని లాక్కుని, గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, నా ఇనుప బీరువాలోనే పెట్టమన్నారు. ఆస్తుల రిజిస్టరులో దాన్ని నా చేత్తోనే రాసుకున్నాను: కొలపాత్ర, ఇత్తడి కట్టుది, ఒకటి. లాభం అని రాయలేదు. మామ లేచి, మోకాలి దుమ్ము దులుపుకుని గేటు దాటాడు. గేటు బయట నిలబడి, నేను వచ్చేదాకా ఆగి, ఒకే మాట అడిగాడు.

"నిన్ను అడిగిండా అల్లుడా, ఆ సారు? లాభమంటే ఏందని?"

"లేదు మామా. నన్ను అడగనే లేదు."

"అడిగితే నువ్వు చెప్తుంటివి గద" అని తువ్వాల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కల్లం కొలిచే మనిషికి ఉన్నదల్లా చేతికి వచ్చిన పేరు ఒక్కటే. ఆ సంక్రాంతి ముందు జొన్న కోతలకు రాయికోడ్ దిక్కున ఎవరూ మామను పిలవలేదు. దొర సంస్థలో దొంగ కొలత కొలిచాడట అన్న మాట మామ కంటే ముందే ఊళ్ళు తిరిగింది. మా అమ్మ నాతో మాట్లాడేది, కానీ తమ్ముడి పేరు ఎత్తేది కాదు. అప్పుడు నేను ఇనుప బీరువా ముందు నిలబడి ప్రమాణం చేశాను, ఆ ఆఫీసరుకు మూడు చెరువుల నీళ్ళు తాగించి తీరుతానని.

మనిషిని తుపాకితో కాల్చడం తేలిక. టీఏ బిల్లుతో కాల్చాలంటే ఓపిక కావాలి. ఆయన మా దిక్కు తిరిగిన తిరుగుళ్ళ బిల్లులన్నీ నా బల్ల మీదికే రావాలి. వచ్చిన ప్రతి బిల్లుకూ సరిగ్గా ఆరు అభ్యంతరాలు రాసి వెనక్కి పంపేవాణ్ణి. తారీఖు సిరాతోనూ సంతకం పెన్సిలుతోనూ ఉన్నదనీ, చిరాగ్‌పల్లి దగ్గర హోటల్లో తిన్న మధ్యాహ్నమే ఆఫీసు వంటలో కూడా తిన్నట్టు రిజిస్టరు చెబుతున్నదనీ, ఒక మనిషికి ఒక మధ్యాహ్నం రెండు భోజనాలు ఏ నియమం కిందికి వస్తాయనీ. పాపం, ఆయన ఆరింటికీ ఓపికగా జవాబులు రాసి పంపేవాడు. అప్పుడు ఇంకొకటి లేపేవాణ్ణి. దాని నంబరు ఏడు అని వేసేవాణ్ణి కాదు. ఆరు పక్కన కూడిక గుర్తు పెట్టి ఒకటి వేసేవాణ్ణి. 'పై జవాబులు మూడు ప్రతుల్లో లేవు.' ఆయన ఆ అంకె చూసి నాకు లెక్కలు రావనుకున్నాడో ఏమో, ఒక్కసారీ అడగలేదు. ఆయన ఒక బిల్లును పదకొండు నెలలు తిప్పాను. నాలుగు నెలలు అనుకోండి.

డ్రైవరు భాయి నాకు కుడిభుజం. ఆఫీసరును ఎక్కించుకుని పోయి వచ్చిన సాయంత్రం నా కిటికీ దగ్గరికి వచ్చి హాజరు వేయించుకునేవాడు.

"మొగుడంపల్లి తొవ్వల ఒక్క గుంత ఇడిసిపెట్టలే సాబ్. పోంగ ఎక్కినయి, రాంగ మల్ల అవ్వే ఎక్కించిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు! తల మీది టోపీ ఒళ్ళె వడ్డది. జర ఆహిస్తా అన్నడు. బ్రేకులు ఫెయిలున్నయి సాబ్, హిసాబ్ సాబ్ కొత్తయి మంజూరు చేస్తలేడు అన్న."

ఆయన రాత్రి మజిలీకి వేసే నవారు మంచంలో నల్లులుండేవి. ఆ నల్లులను నేను బజారు నుంచి ఏరి తెప్పించానని చెప్పుకునేవాణ్ణి. నల్లులు మొదటి నుంచీ ఉన్నాయి. మందు కొట్టే ఖర్చు నేను మంజూరు చెయ్యలేదు, అంతే.

ఏడాది తిరిగింది. మామను తీసేశాక మూలనున్న కాటా మళ్ళీ వచ్చింది, కాటా వచ్చాక జనం గొణుగుడు పెరిగింది, గొణుగుడు దొర చెవి దాకా పోయింది. మళ్ళీ మానికతోనే ఇవ్వమన్నాడు దొర. మొగుడంపల్లి దగ్గర కొత్త బావిలో నీళ్ళు పడ్డ రోజు అక్కడే అందరి ముందు పంపకం పెట్టుకున్నాం. తొలి కొలత తనిఖీ ఆఫీసరు గారి చేతి మీదుగా జరిగితే జనానికి నమ్మకం కుదురుతుందని దొరకు నేనే చెవిలో వేశాను. పాపం ఏ మానిక దగ్గర చేశాడో ఆ మానిక దగ్గరే, ఆ మాటలతోనే కొట్టాలని ఆరునెలల ముందు నుంచే ఎత్తు వేసుకున్నాను.

ఇక్కడా గాలే. నా ఎత్తు ఒట్టి దుమ్ము ఎత్తు. రాశి ముందు కూర్చుంటే తొమ్మిది తుమ్ములు తుమ్మి నవ్వులపాలవుతాడని నా ఆశ. జరిగింది నేను ఊహించింది కాదు.

ఆయన కొత్త ఇనుప మానిక పట్టుకుని, రుమాలు ముక్కుకు కట్టుకుని, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ కొంగులో పోస్తూ గట్టిగా లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి." ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు, మూడు, నాలుగు, బాగానే పోయింది. ఆరు. అప్పుడు ఆయన, లెక్కలో ఏ మోసమూ లేదని లోకానికి వినిపించాలని కాబోలు, ఇంకా గొంతు పెంచి అన్నాడు, "ఏడు!"

ముసలమ్మ లేచి నిలబడింది. కొంగు విదిలించి జొన్నలన్నీ తిరిగి రాశిలో పోసేసింది.

"నాకొద్దు సారూ."

"ఏమైందమ్మా? సరిగ్గా ఏడు పోశాను కదా!"

"మల్ల అంటున్నవు! ఒకటి అంటివి, పట్నపోడు, తెల్వదని ఊకున్న. గిప్పుడు ఏడు అంటివి. ఏడ్వనీకె నీ జొన్నలెందుకు బిడ్డా? ఇంట్ల కూసోని పుణ్యానికే ఏడుస్త."

బావి గట్టంతా నవ్వు. వెనక నుంచి ఇంకొకామె, "సారుకు లెక్క నేర్పింది ఎవలో గని, ఇంట్ల అందరు పోయినంక నేర్పిన్రు" అన్నది. దొర ఏమిటని నన్నడిగాడు. నేను ఒక్కొక్క మాటా, నెమ్మదిగా, వెన్న రాసినట్టు తర్జుమా చేశాను. మరి ఏమనాలి అని దొర అడిగితే ముసలమ్మ మానిక లాక్కుని చేసి చూపించింది: లాభం, రెండు, మూడు, ఆరు దాకా, ఆ పైన ఆరున్నొక్కటి. దొరకు ఆఫీసరు పంపిన ఏడాది కిందటి రిపోర్టు గుర్తొచ్చింది. ఆయన మొహం మీదుగా అది నడిచి రావడం నేను చూశాను. అప్పుడాయన ఆఫీసరు వైపు తిరిగి, ఈ మాట అర్థం మీరు అప్పుడు ఎవరినైనా అడిగారా అన్నాడు.

ఆఫీసరు నా వైపు చూశాడు. ముక్కు మీది రుమాలు కిందికి లాగి, ఎవరినీ అడగలేదు, తప్పు నాదే, అన్నాడు.

గెలిచాను కదా! నా పగ తీరింది. నెల తిరక్కముందే ఆయనను వేరే రాష్ట్రానికి మార్చారు. ఆ దిక్కున ఆయన పేరు లాభం సార్‌గా మిగిలిపోయింది, పిల్లలు జీపు వెంట పరిగెత్తి మరీ పిలిచేవాళ్ళు. పోయే ముందు ఆయన ఇచ్చిన ఆఖరి బిల్లుకు కూడా నేను ఆరు అభ్యంతరాలు రాశాను, ఆ పైన ఆరున్నొక్కటి రాశాను: చివరి రోజు జీపు రీడింగులో, లాగ్‌బుక్కులో కారణం రాయని కిలోమీటర్లు ఉన్నాయి, ఆ డీజిలు ఖర్చు ఆఫీసరు సొంతంగా భరించాలి. ఆయన ఎప్పటిలా జవాబులు రాయలేదు. 'అంగీకరిస్తున్నాను' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టి పోయాడు. ఆ కాగితం చూసి ఎంత మురిశానో! దొంగ దొరికాడనుకున్నాను.

ఇక ఆ బల్లగుద్దు సంగతి. నేను బల్ల గుద్దలేదు. సిరాబుడ్డి ఎగరలేదు. ఆ శనివారం ఆయన గదిలో అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది, ఈ కొలిచే మనిషిని ఎవరు తెచ్చారు, అతను ఎవరి బంధువైనా అవునా అని. నా కళ్ళముందు ఆ గడీ, అందులో నా చేతిరాతలో 'లేరు' అన్న మాటా కదిలాయి. ఇంట్లో పసిబిడ్డ, నా జీతం మీద అయిదు పొట్టలు. తెలియదు సార్ అన్నాను. రెండోది, లాభం అంటే ఏమిటి అని. ఆయన మర్యాదగానే అడిగాడు, నువ్వు ఈ ఊరివాడివి కదా, నాకు తెలియని అర్థమేదైనా ఉందా అని కూడా అడిగాడు. అర్థం చెప్పడం మొదలుపెడితే, ఆ ముసలాయన నీకు ఇంత బాగా ఎట్లా తెలుసు అన్న ప్రశ్న వెనకే వస్తుందని భయపడ్డాను. ఒకే మాట అన్నాను.

"ప్రాఫిట్ సార్."

నలభై ఏళ్ళు నేను ఆయనను తిట్టింది మామను దొంగ అన్నందుకు కాదు. మొగుడంపల్లి బావి గట్టు మీద నా మాట బయటపెట్టకుండా మింగినందుకు. శత్రువు మన తప్పును మోస్తూ తిరుగుతుంటే మనకు నిద్ర పట్టదు. వాణ్ణి ఇంకా ఇంకా చెడ్డవాణ్ణి చేసుకుంటే గాని లాభం లేదు. చూశారా, ఆ మాట ఎక్కడికి పోయినా వస్తుంది.

లక్క ముద్ర విప్పి మానికను మామకు ఇచ్చాం. దొర స్వయంగా చేతులు జోడించాడు. మామ మళ్ళీ కొలవడానికి వచ్చాడు, జొన్నలు మునపటిలాగే గోపురం కట్టి వచ్చేవి, కానీ మొదటి మానికకు ఇక పాట లేదు. నోరు మూసుకుని పోసేవాడు. రెండు నుంచే రాగం అందుకునేవాడు. ఆడవాళ్ళు ఆ మొదటి మాట తామే అనడం మొదలుపెట్టారు, అందరూ ఒక్కసారిగా, "లాభం" అని.

ఆ ఏడాది మా కౌలు పొలం జొన్నలు ఇంటి ముంగిట పోసినప్పుడు, మా అమ్మ కబురు పెడితే మామ మానికతో వచ్చాడు. గేటు బయటి మామ కదా, పోరడా అంటాడని ఎదురుచూశాను. నా వైపు చూడలేదు. మోకాలు ఆనించి, మానిక నింపి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఒకటి."

ముసలితనం, మరిచిపోయాడనుకున్నాను. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. నిండిన మానిక చేతిలో పట్టుకుని ఆగాడు. తల ఎత్తి సూటిగా నా కళ్ళలోకి చూశాడు.

"ఏడు."

మా అమ్మ ఉలిక్కిపడింది. "ఏంది తమ్మీ, ఇంట్ల కొలుసుకుంట గట్లంటవు?"

"నీ కొడుకు లెక్కల సారు గదక్కా" అన్నాడు మామ, మళ్ళీ రాశిలోకి వంగుతూ. "ఆయనకు ఏ మాటకు ఆ అర్థమే ఉండాలె."

పదిహేడూ అన్నాడు, ఇరవై ఏడూ అన్నాడు. ఒక్కటీ వదలలేదు. జొన్నలన్నీ కొలిచి, చల్ల కూడా తాగకుండా పోయాడు. మామకు నా సంగతి ఎట్లా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. ఆఫీసరు అందరి ముందూ ఎవరినీ అడగలేదన్నాడు కదా. మామ కాలం చేసేదాకా అడిగే ధైర్యం రాలేదు, కాలం చేశాక ఆ మానిక ఎవరికి చేరిందో అత్తను అడిగే మొహమూ లేదు.

మొన్న మంగళవారం తెలిసింది. భాయి ఫోన్లో చెప్పిన రెండో సంగతి ఇది.

"సాబ్, ఒక మాట దాసిన మీ కాడ. ఆ సార్ నాతోని కసం తీసుకున్నడు, నేను బతికున్నన్ని దినాలు చెప్పొద్దని. ఇగ పోయిండు గద, చెప్తున్న. ఆఖరి దినం నన్ను రాయికోడ్ దిక్కు తీస్కపొమ్మన్నడు. మీ మామ ఇంటికి. లాగ్‌బుక్కుల రాయొద్దన్నడు. పొయ్యి టోపీ తీసి నేల మీద కూసున్నడు సాబ్. తప్పయింది పెద్దాయనా, అడిగి తెలుసుకున్న అనుకున్న, అన్నడు."

"మామ ఏమన్నడు?"

"ఎవల్ని అడిగినవు సారూ అన్నడు. ఈయన చెప్పలే. మల్ల అడిగిండు మీ మామ. చెప్పలే. ఇచ్చిన చల్ల తాగిండు, గిలాస కింద వెట్టిండు, రెండు చేతులెత్తి దండం వెట్టిండు, లేసిండు. గంతే సాబ్."

గంతే. మొగుడంపల్లిలో 'ఎవరినీ అడగలేదు' అన్న మనిషి, మామ ముందు కూర్చున్నాక ఆ అబద్ధం ఆడలేకపోయాడు. నా పేరు చెప్పడానికీ నోరు రాలేదు. మా మామ వంటి మనిషికి అంతకంటే ఎక్కువ చెప్పాలా? ఆ ఆఫీసులో మన దిక్కు మాట తెలిసి, అడిగితే చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. కారణం రాయని ఆ కిలోమీటర్లు రాయికోడ్ పోయి వచ్చినవి. నేను చెయ్యాల్సిన పని ఆయన చేసి వస్తే, ఆ డీజిలు ఖర్చు ఆయన దగ్గరే కోసి, ఆరున్నొక్కటో అభ్యంతరం రాసి, ఎర్ర గీత గీసినవాణ్ణి నేను. ఇన్నేళ్ళ పగలో నేను కొట్టిన అన్నిటికంటే గట్టి దెబ్బ అదే. తగలాల్సిన చోటికి తిరిగి రావడానికి మొన్న మంగళవారం దాకా పట్టింది.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. దాని చోట సెల్‌ఫోన్ల దుకాణం. కల్లాలు లేవు, కొలిచే చేతులు లేవు, జొన్నలు కోసిన మిషనే సంచుల్లో పోసి పోతుంది. చౌక ధరల దుకాణంలో అద్దాల కాటా మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి, వేలిముద్ర పెట్టి తీసుకుపోవడమే. ఎవరి గింజల్లోనూ ఇప్పుడు లాభం లేదు, ఎవరి కొంగుకూ ఏడుపు తగలదు. అంకెలు వట్టి అంకెలయ్యాయి. లెక్కల మనిషిగా నేను సంతోషించాలి.

నిన్న పొద్దున ఆ వరసలో నేనూ నిలబడ్డాను. డీలరు తన యంత్రం మీద నుంచి తల ఎత్తకుండా వరస నంబర్లు పిలుస్తున్నాడు. అయిదు, ఆరు, ఏడు. ముప్ఫై మందిమి ఉన్నాం. నా నంబరు పంతొమ్మిది. ఏడు అన్నప్పుడు తల ఎత్తింది మాత్రం నేనొక్కణ్ణే.